బందరు పద్దులు

1923 నవంబరు 28న మచిలీపట్నంలో, అంటే బందరులో, ఒక బ్యాంకు తలుపులు తెరిచింది. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. పెట్టినవాడు షావుకారు కాదు, జమీందారు అంతకన్నా కాదు. మద్రాసులో వైద్యం చదివి, బందరులో ప్రాక్టీసు పెట్టి, కొన్నేళ్ళకు దాన్ని పక్కనపెట్టి కాంగ్రెసు పనిలోకి దిగిన డాక్టరు. పేరు భోగరాజు పట్టాభి సీతారామయ్య. బ్యాంకు పేరు ఆంధ్రా బ్యాంకు.

ఆ వేళకి బందరు రేవు పని దాదాపు అయిపోయింది. మద్రాసు - కలకత్తా రైలు బెజవాడ మీదుగా పోయింది. కృష్ణ మీద రైలు వంతెన వచ్చాక డెల్టా సరుకు మొత్తం అటే మళ్ళింది. బెజవాడ నుంచి బందరుకి ఒక శాఖ వేశారు గానీ, అప్పటికి ఆ రైలు ఎక్కడానికి బందరులో పెద్దగా సరుకు లేదు. వర్తకమూ బియ్యం మిల్లులూ ఒక ఊళ్ళో పెరుగుతుంటే బ్యాంకు ఇంకో ఊళ్ళో, అదీ ఓడలు మానేసిన ఊళ్ళో ఎందుకు పుట్టింది? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే కృష్ణా డెల్టా ఎలా కలిగిన సీమ అయిందో కూడా కొంత తెలుస్తుంది. కాలవలు తవ్విన దొర కథ అందరికీ తెలుసు. పద్దులు రాసినవాళ్ళ కథ అంతగా తెలియదు.

ముందు రేవు సంగతి. బందరు అంటేనే పారశీకంలో రేవు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఆ రాజ్యానికి సముద్రం వైపు తలుపు ఇదే. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో, ఆ తర్వాత ఫ్రెంచివాళ్ళు ఇక్కడ దిగారు. చుట్టుపక్కల ఊళ్ళలో అద్దిన కలంకారీ బట్ట పర్షియా దాకా పోయింది. అయితే ఈ రేవుకి పుట్టుకతోనే ఒక లోపం ఉంది. కృష్ణ తెచ్చి పోసే ఒండ్రు వల్ల తీరం దగ్గర లోతు లేదు. పెద్ద ఓడలు దూరాన లంగరు వేసుకుంటే సరుకు పడవల మీద చేరవేయాలి. మద్రాసు పెరిగేకొద్దీ బందరు తగ్గింది. 1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి సుమారు 30,000 మందిని తుడిచిపెట్టుకుపోయింది. ఆ రాత్రి తర్వాత రేవుగా బందరు మళ్ళీ నిలదొక్కుకోలేదు.

ఓడలు పోయినా కచేరీ మాత్రం మిగిలింది. జిల్లా సరిహద్దులు ఎన్నిసార్లు మారినా, గుంటూరు కలిసినా విడిపోయినా, కృష్ణా జిల్లాకు బందరే ముఖ్యపట్టణం. కలెక్టరు, కోర్టు, రిజిస్ట్రారు, వాళ్ళ వెనక వకీళ్ళు, గుమాస్తాలు, దస్తావేజు లేఖరులు. 1843లో రాబర్ట్ నోబుల్ పెట్టిన బడి కాలేజీ అయింది. 1902లో కృష్ణాపత్రిక మొదలైంది. ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో అది ఆంధ్రదేశమంతా చదివే పత్రిక అయింది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి, పట్టాభి కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. అంటే ఈ ఊళ్ళో డబ్బు తక్కువే గానీ కాగితం చదవగలవాళ్ళు, నిబంధన రాయగలవాళ్ళు, సభ పెట్టి నలుగురిచేత వాటా కొనిపించగలవాళ్ళు ఎక్కువ. బెజవాడలో సరుకుంటే బందరులో అక్షరముంది. సంస్థలు సరుకు దగ్గర కాక అక్షరం దగ్గర పుట్టడం ఈ కథలోని మొదటి విశేషం.

ఇక డెల్టా. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమ మీద పడిన కరువును జనం డొక్కల కరువు అన్నారు. ఎందుకన్నారో వేరే చెప్పాలా? ఇరవై ఏళ్ళు తిరిగేసరికి గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట లేచింది (1847-52), కృష్ణ మీద బెజవాడ దగ్గర ఇంకొకటి లేచింది (1852-55). ఈ పనుల వెనకున్న ఇంజనీరు దొర కాటన్ పేరు ఇళ్ళలో పటమై వేలాడింది. నీళ్ళు వచ్చాయి, వరి వచ్చింది, కరువు వెనక్కి తగ్గింది.

అప్పు మాత్రం తగ్గలేదు. ఒక విధంగా పెరిగింది కూడా. మెట్ట భూమిని తాకట్టు పెట్టుకుని వందలు ఎవరిస్తారు? కాలవ కిందికి వచ్చిన మాగాణికి ధర పలికింది కాబట్టి దాని మీద అప్పూ పుట్టింది. ఆకుమడి వేసే వేళ విత్తనానికీ కూలికీ డబ్బు కావాలి. ఊడ్పులకు మళ్ళీ కావాలి. ఊరి షావుకారు ప్రోనోటు రాయించుకుని ఇస్తాడు. నూటికి నెలకు రెండంటే చవకే అనుకునే రోజులు. పుష్యమాసంలో కుప్పనూర్పిళ్ళు అవగానే ఊరంతా ధాన్యమే, ధర అట్టడుగున ఉంటుంది. సరిగ్గా అప్పుడే బాకీ తీర్చమంటారు. రైతు కళ్ళంలోనే అమ్ముకుంటాడు, కొనేది చాలాసార్లు అప్పిచ్చినవాడే. నాలుగు నెలలు పురిలోనో గాదెలోనో నిలవ ఉంచుకోగలిగితే మంచి ధర వచ్చే ధాన్యం అది. ఆ తేడా అంతా షావుకారు చిట్టాలోకి పోయేది. కాటన్ ఇచ్చిన నీళ్ళ ఫలితం కాలవ దిగి వచ్చి, కళ్ళంలో సగం జారిపోయేదన్నమాట.

షావుకారిని దయ్యంగా చూపించడం తేలిక. నిజానికి ఆ రోజుల్లో అతను తప్ప దిక్కు లేదు. ప్రభుత్వ లావాదేవీలూ తెల్లవాళ్ళ వర్తకమూ చూసుకునే బ్యాంకుకు ఉయ్యూరు రైతు ఎవరో తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. షావుకారికి తెలుసు. ఎవడి పొలం ఎక్కడుందో, ఎవడింట్లో పెళ్ళి ఎప్పుడో అతనికి తెలుసు. అతని అసలు పెట్టుబడి ఆ ఎరికే. అతనికి పోటీ రావాలంటే అంతే ఎరిక ఉండి, తక్కువ వడ్డీకి ఇచ్చే ఇంకొకరు కావాలి.

ఆ ఇంకొకరి కోసం మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని ఐరోపాకు పంపింది. అతను 1890లలో ఇచ్చిన నివేదికలో జర్మనీ పల్లెల్లో రైఫైజన్ నడిపిన పరపతి సంఘాల పద్ధతిని ఎత్తిచూపాడు. ఒక ఊరివాళ్ళే సంఘమై, ఒకరి బాకీకి అందరూ పూచీపడి, బయటినుంచి తక్కువ వడ్డీకి డబ్బు తెచ్చి పంచుకోవడం ఆ పద్ధతి. షావుకారి ఎరికను ఊరంతా కలిసి సంపాదించినట్టు! 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. 1912 చట్టం పల్లె సంఘాలకు పైన జిల్లా కేంద్ర బ్యాంకులు పెట్టుకోవడానికి దారి తీసింది. 1915లో బందరులో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు వెలిసింది. పట్టాభి చెయ్యి పడిన తొలి ఆర్థిక సంస్థ ఇది.

మధ్యలో ఒక దెబ్బ సంగతి కూడా చెప్పుకోవాలి. 1906 అక్టోబరులో మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ కూలిపోయింది. తెల్లదొరల కొఠీ కదా అని నమ్మి డబ్బు దాచుకున్న వకీళ్ళు, ఉద్యోగులు, గుళ్ళు, విధవరాళ్ళు మునిగారు. మరుసటేడే మద్రాసులో ఇండియన్ బ్యాంకు పుట్టింది. మన డబ్బు మన చేతుల్లోనే ఉండాలనే మాటకు స్వదేశీ ఉద్యమం ఒక కారణమైతే, ఆర్బత్‌నాట్ రెండో కారణం. 1923లో ఆంధ్రా బ్యాంకుకు వాటాలు కొన్నవాళ్ళ మనసులో ఈ రెండూ ఉండే ఉంటాయి.

అనుమతించిన మూలధనం పది లక్షలు. చేతికొచ్చింది లక్ష. సహకార బ్యాంకు ఉండగా ఇదెందుకంటే, సహకార బ్యాంకు పంట అప్పుకు పనికొస్తుంది గానీ మిల్లువాడి హుండీకి, వర్తకుడి డ్రాఫ్టుకి, ఉద్యోగి పొదుపుకి అది చాలదు. పేరులోనే ఇంకో సంగతి ఉంది. 1923లో ఆంధ్ర అనే రాష్ట్రం లేదు. 1913లో బాపట్లలో మొదలైన ఆంధ్ర మహాసభలు తీర్మానాలు చేస్తూనే ఉన్నాయి. రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబరు 1న. అంటే లేని రాష్ట్రం పేరును ఈ బ్యాంకు ముప్పై ఏళ్ళ ముందే బోర్డు మీద రాసుకుంది. చెక్కు పుస్తకం మీద ‘ఆంధ్ర’ అని ఉండటం తీర్మానం కంటే ఎక్కువ పని చేసిందేమో. తీర్మానాన్ని ఎవరూ జేబులో పెట్టుకు తిరగరు.

ఆ తర్వాత పది పన్నెండేళ్ళు బందరులో సంస్థలు ఒకదాని వెంట ఒకటి పుట్టాయి. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు. మూడింటి వెనకా పట్టాభి ఉన్నాడు. బీమా కంపెనీ అంటే బడిపంతులు, గుమాస్తా, చిన్న వకీలు నెలనెలా కట్టే ప్రీమియం ఒకచోట చేరడం. అంతకుముందు ఆ డబ్బు బొంబాయికో కలకత్తాకో పోయేది. లెక్కలు ఇన్ని పుట్టాక లెక్కలు సరిచూసేవాళ్ళు పుట్టకుండా ఉంటారా? పర్వతనేని బ్రహ్మయ్య 1932లో ఆరంభించిన ఆడిట్ సంస్థ బ్రహ్మయ్య అండ్ కో ఈ గడ్డ మీదే మొలిచింది. తర్వాత దక్షిణాదిన పేరున్న ఆడిటర్లయ్యారు వాళ్ళు.

వీటన్నిటిలో తక్కువగా తలుచుకునేది, నిజానికి ఎక్కువగా తలుచుకోవలసింది వడ్లమన్నాడు భూమి తనఖా బ్యాంకు. గుడ్లవల్లేరు పక్కన ఒక పల్లె వడ్లమన్నాడు. 1927లో అక్కడ బ్యాంకు! మద్రాసు రాష్ట్రమంతటికీ కేంద్ర భూమి తనఖా బ్యాంకు వచ్చింది 1929లో. పల్లె రెండేళ్ళు ముందుంది. ఈ బ్యాంకుల పని వేరు. ఆకుమడికీ ఊడ్పులకీ ఇచ్చే అప్పు పంటతో తీరాలి. తాత నాటి బాకీ, నేల చదును, ఎడ్ల కొనుగోలు ఒక్క పంటతో తీరేవి కావు. వాటికి ఏళ్ళ తరబడి గడువు కావాలి. రోజూ వచ్చి అడిగే డిపాజిట్‌దారుల డబ్బుతో అంత గడువు ఇవ్వడం కుదరదు. అందుకని పెద్ద బ్యాంకు డిబెంచర్లు అమ్మి డబ్బు తెస్తుంది, ఊరి బ్యాంకు పొలం చూసి, దస్తావేజు చూసి అప్పిస్తుంది. షావుకారి పాత నోటు చెల్లువేసి, రైతును ఈ కొత్త పద్దుకు మార్చడమే దీని మొదటి పని.

1930 ప్రాంతాల్లో ఆర్థిక మాంద్యం వచ్చి వడ్ల ధర పడిపోయినప్పుడు అప్పు అసలు బరువు బయటపడింది. ధర సగానికి దిగినా నోటు మీద అంకె దిగలేదు. అప్పు రూపాయల్లో ఉంది, రైతు దగ్గరున్నది బస్తాల్లో ఉంది. 1938లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రుణ విమోచన చట్టం తెచ్చి పాత బాకీలకు కోత పెట్టే దాకా పరిస్థితి వచ్చింది. ఆ లోపల పొలాలు పోయినవాళ్ళకు చట్టం వాటిని తిరిగి ఇవ్వలేదు.

పట్టాభిని తెలుగువాళ్ళు గుర్తుపెట్టుకున్నది మాత్రం ఇందుకు కాదు. 1939లో త్రిపురి కాంగ్రెసు అధ్యక్ష పదవికి సుభాస్ చంద్రబోసు మీద నిలబడి, ఆయనకు 1,580 ఓట్లు వస్తే తాను 1,377 ఓట్లతో ఓడిపోయిన మనిషిగానే ఆయన పాఠ్యపుస్తకాల్లో మిగిలాడు. గాంధీ ఆ ఓటమిని తనదిగా చెప్పుకోవడంతో అది ఇంకా గట్టిగా అతుక్కుంది. రెండువందల మూడు ఓట్ల తేడా బ్యాంకులను, రెండు బీమా కంపెనీలను మింగేసింది. చరిత్ర రాసేవాళ్ళకు ఎన్నికలంటే ఉన్న మోజు పద్దులంటే ఉండదు.

బందరు ఒంటరి ఉదాహరణ కాదు. పడమటి తీరాన దక్షిణ కన్నడ జిల్లాలో 1906లో కెనరా బ్యాంకు, అదే ఏడు ఉడుపిలో కార్పొరేషన్ బ్యాంకు, 1925లో సిండికేట్ బ్యాంకు, 1931లో విజయా బ్యాంకు పుట్టాయి. ఒక్క చిన్న సీమలో అన్ని! సిండికేట్ వాళ్ళు 1928లో పిగ్మీ డిపాజిట్ పెట్టి, ఏజెంటును గుమ్మం గుమ్మానికీ పంపి, రోజుకు అణా, రెండణాలు పోగుచేశారు. బందరు సంస్థలకూ వాళ్ళకూ తేడా ఇక్కడే కనిపిస్తుంది. బందరు బ్యాంకులు చదువుకున్నవాళ్ళ నమ్మకం మీద, పట్టా ఉన్నవాళ్ళ పూచీ మీద నిలబడ్డాయి. వాకిట్లోకి వెళ్ళి అణా అడిగే అలవాటు వాటికి లేదు.

అందుకే ఈ కథలో లేనివాళ్ళు చాలామంది. బందరు చుట్టూ పెడనలో అద్దకం పనివాళ్ళున్నారు. చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేసేవాళ్ళున్నారు. సముద్రం మీద వలవేసేవాళ్ళున్నారు. అచ్చులతో అద్దే పనికి పేరు తెచ్చిన బందరు కలంకారీ తయారయ్యేది పెడనలోనే. డెల్టాను సంపన్నం చేసిన సంస్థల చరిత్రలో ఈ పనివాళ్ళ పేర్లు రావు. వాళ్ళకు తాకట్టు పెట్టడానికి మాగాణి లేదు మరి. అసలు మాగాణిలోనే దున్నేవాడికి పట్టా లేకపోతే? కౌలు రైతుకు బ్యాంకు అప్పు రావడానికి గుర్తింపు కార్డులిచ్చే చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది 2011లో. 1904 చట్టానికి నూట ఏడేళ్ళ తర్వాత. ఈ మధ్యకాలమంతా అతను షావుకారి దగ్గరే ఉన్నాడు. ఇప్పుడు షావుకారి పేరు ఎరువుల కొట్టు, అంతే.

బందరు సంస్థలు ఊరు విడిచిపోవడం 1956లో మొదలైంది. ఆ ఏడు సెప్టెంబరు 1న జీవిత బీమా వ్యాపారాన్ని జాతీయం చేసి, 245 సంస్థలను కలిపి ఎల్ఐసి ఏర్పాటు చేశారు. బందరు కంపెనీల జీవిత బీమా పద్దులూ అందులోనే కలిసిపోయాయి. వాటిని పెట్టిన పట్టాభి ఆనాడు మధ్యప్రదేశ్ గవర్నరు. జాతీయం చేసింది ఆయన జీవితమంతా పనిచేసిన పార్టీ ప్రభుత్వమే. రెండు నెలలకు, నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. రాజధాని హైదరాబాదు అయ్యాక ఆంధ్రా బ్యాంకు ప్రధాన కార్యాలయం సుల్తాన్ బజారుకు మారింది. 1964లో భారత లక్ష్మీ బ్యాంకు దానిలో కలిసింది. 1980 ఏప్రిల్ 15న రెండో విడత జాతీయకరణలో మరో ఐదు బ్యాంకులతో పాటు అదీ ప్రభుత్వపరమైంది. మరుసటేడు క్రెడిట్ కార్డు తెచ్చి, దేశంలో ఆ పని ముందుగా చేసిన బ్యాంకుల్లో ఒకటైంది.

తర్వాత కథ వార్తల్లో చదివిందే. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, ఉడుపిలో పుట్టిన ఆ కార్పొరేషన్ బ్యాంకు, రెండూ ఒకేరోజు యూనియన్ బ్యాంకులో కలిసిపోయాయి. దేశమంతా లాక్‌డౌన్‌లో తలుపులు వేసుకుని ఉన్న వారం అది. 96 ఏళ్ళ పేరు పోయిన రోజున వీధిలో చూసేవాడే లేడు.

తప్పెవరిదని అడిగితే ఎవరినీ పట్టుకోవడం కుదరదు. బ్యాంకు పెరగాలంటే రాజధానికి వెళ్ళాలి. దేశమంతా విస్తరించినదానికి ఊరి పేరు బరువే. ఎదిగినవన్నీ వెళ్ళిపోవడం, ఎదగలేనివి ఉండిపోవడం బందరులో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. 1915 నాటి సహకార కేంద్ర బ్యాంకు ఇప్పటికీ ఉంది, ప్రధాన కార్యాలయం ఇప్పటికీ మచిలీపట్నంలోనే. దాని పేరులో జిల్లా ఉంది, దాని పని హద్దు జిల్లా. హైదరాబాదు వెళ్ళడానికి దానికి వీల్లేదు. ఆ వీల్లేకపోవడమే ఊరికి మేలు చేసింది. ఎల్ఐసి డివిజనల్ ఆఫీసు బందరులో ఉండటం కూడా పాత బీమా కంపెనీలు విడిచిపోయిన జాడే అనుకోవచ్చు.

పట్టాభి పరిధిలోకి రాని ఒక సంస్థ గురించి చెప్పకపోతే ఈ పద్దు అసంపూర్తి. 1926లో బందరులో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ అని ఒకటి మొదలైంది. బడులకూ కాలేజీలకూ ప్రయోగశాల పరికరాలు చేసేది. ఊళ్ళో కాలేజీలున్నాయి, జాతీయ కళాశాలలో చేతిపని నేర్పారు, స్వదేశీ గాలి ఉంది. ఆ మూడూ కలిస్తే అలాంటి కంపెనీ పుట్టడం వింతేమీ కాదు. దశాబ్దాలు నడిచి నష్టాల్లో పడింది. 1983లో రక్షణ శాఖకు చెందిన భారత్ ఎలక్ట్రానిక్స్ (బెల్) దాన్ని తీసుకుంది. మూసేయలేదు, హైదరాబాదుకో బెంగళూరుకో తరలించలేదు. ఇవాళ బందరు బెల్ ఫ్యాక్టరీలో తయారయ్యేది సైన్యానికి చీకట్లో చూపిచ్చే పరికరాలు. డబ్బు తిప్పే సంస్థలు వెళ్ళిపోగా, కటకం నూరే చేతులున్న సంస్థ నిలిచింది. నైపుణ్యం మనుషుల చేతుల్లో ఉంటుంది, ఆ మనుషుల ఇళ్ళు బందరులో ఉన్నాయి. ప్రధాన కార్యాలయాన్ని లారీలో ఎక్కించవచ్చు గానీ ఆ ఇళ్ళను ఎక్కించడం కష్టం.

రేవు మాట ఇంకా అవ్వలేదు. కొత్త పోర్టుకు 2008లో ఒక ముఖ్యమంత్రి, 2019లో ఇంకొకరు, 2023లో మరొకరు శంకుస్థాపన చేశారు. ఒకే రేవుకు ఇన్ని పునాదిరాళ్ళు పడ్డ ఊరు మరొకటుందో లేదో! ఓడలు ఒకనాటికి రావచ్చు. వచ్చినప్పుడు వాటి సొమ్ము ఎక్కడ జమవుతుందో, ఎవరి పుస్తకంలో పద్దు పడుతుందో చూడాలి.

పాత పద్దుల గురించి ఒక విన్నపం. కృష్ణా డెల్టాలో నూరేళ్ళు దాటిన పరపతి సంఘాలు చాలా ఊళ్ళలో ఉన్నాయి. ఇప్పుడు వాటి లెక్కలు కంప్యూటర్‌లోకి పోతున్నాయి. చిట్టాలు, ఆవర్జాలు, సభ్యుల వేలిముద్రలున్న పాత రిజిస్టర్లు కొన్నిచోట్ల అటకల మీద ఉన్నాయి, కొన్నిచోట్ల గోడౌనులో ఎరువు బస్తాల వెనక ఉన్నాయి. ఏ ఏడు ఎవరు ఎంత తీసుకున్నారో, ఎందుకు తీసుకున్నారో, ఎవరిది తీరిందో, ఎవరి పొలం పోయిందో చెప్పే కాగితాలు అవే. మీ ఊరి సొసైటీలో అలాంటివి ఉంటే, చిత్తుకాగితాల కింద తూచేయకముందే ఒకసారి వెళ్ళి చూడండి. దగ్గరలోని కాలేజీ చరిత్ర శాఖకు ఒక ఫోను చేసి చెప్పండి.